తండ్రి పాపం కొడుకు ఖాతాలో పడుతుందా?

తల్లిదండ్రులు చేసిన పాపానికి పిల్లలు దోషులవుతారా? బైబిలు తెరిస్తే ఈ ప్రశ్నకు రెండు జవాబులు దొరుకుతాయి. రెండూ మోషే పేరు మీదే. నిర్గమకాండము 20వ అధ్యాయంలో పది ఆజ్ఞలు ఇస్తూ దేవుడు, తనను ద్వేషించేవాళ్ల విషయంలో తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా పిల్లల మీదికి వస్తుందంటాడు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయానికి వచ్చేసరికి, తండ్రి చేసినదానికి కొడుకునూ కొడుకు చేసినదానికి తండ్రినీ చంపకూడదనీ, ఎవరి పాపానికి వాళ్లే బాధ్యులనీ ఉంటుంది. మరి ఏది పట్టుకోవాలి?

బిడ్డ వైకల్యంతో పుట్టినా, వచ్చిన సంబంధం వచ్చినట్టే తప్పిపోతున్నా, ఒక ఇంట్లో వరసగా చావులు జరిగినా, మన ఊళ్లలో ఎవరో ఒకరు ‘పెద్దల పాపం తగిలింది’ అంటారు. చర్చికి వెళ్లే ఇళ్లలో ఆ మాటే ‘వంశ శాపం’ అవుతుంది. అందుకని అసలు జవాబు ముందే చెప్పేస్తాను. మీ అమ్మానాన్నలు చేసిన పాపానికి మీరు దేవుని ముందు దోషులని క్రైస్తవంలోని ప్రధాన సంఘాలేవీ బోధించవు. అయితే ఆ మూడు నాలుగు తరాల మాట ఏమైనట్టు? ఆదాము సంగతేమిటి? ఇవి తేలకుండా ఆ జవాబు ఎవరికీ మనశ్శాంతి ఇవ్వదు.

ముందు ఆ ఆజ్ఞ ఎక్కడుందో చూడాలి. అది విగ్రహాలు చేసుకోవద్దని చెప్పే ఆజ్ఞ. పాత ఇశ్రాయేలులో ఇల్లంటే నాలుగు గోడలూ ఒక జంటా కాదు. తాత, కొడుకులు, కోడళ్లు, మనవలు, ఒక్కోసారి మునిమనవలు కూడా ఒక పెద్ద చేతికింద బతికే గుంపు. యోబు నాలుగు తరాలను చూసి కన్నుమూశాడని ఆయన గ్రంథం చివర ఉంది. అంటే మూడు నాలుగు తరాలన్న లెక్క ఎప్పుడో పుట్టబోయే అపరిచితుల లెక్క కాదు, ఆ ఇంటిపెద్ద కళ్లముందు తిరుగుతున్న మనుషుల లెక్క. ఆయన వేరే దేవుణ్ని ఇంట్లో నిలబెడితే ఆ పూజ, ఆ అలవాట్లు, వాటి ఫలితాలు ఆ పంచన బతికేవాళ్లందరికీ చుట్టుకుంటాయి. ఆ మాట విన్నది ఆ పెద్ద. ‘నీ ఇంటికి నువ్వేం తెచ్చిపెడుతున్నావో చూసుకో’ అని ఆయనకు చేసిన హెచ్చరిక అది. అదే మాటను తీసుకెళ్లి మనవడి చెవిలో ‘నువ్వు దోషివి’ అని ఊదితే అర్థం తిరగబడుతుంది. ఈ విషయంలో జరిగిన పొరపాట్లలో చాలావాటికి మూలం ఇదేనని నాకనిపిస్తుంది: పెద్దలకు చెప్పినదాన్ని పిల్లలకు చదివి వినిపించడం.

ఆజ్ఞలో ఇంకో ముక్క ఉంది, దాన్ని చాలామంది సగంలో వదిలేస్తారు. దోషం మూడు నాలుగు తరాలకైతే, కరుణ వేల తరాలకు. ద్వితీయోపదేశకాండము 7వ అధ్యాయం వెయ్యి తరాలని కూడా చెబుతుంది. ఈ తూకం ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. యూదులు హెబ్రీ ధర్మశాస్త్రాన్ని అరామిక్‌లోకి మార్చుకున్నప్పుడు, ఒంకెలోసు పేరుతో ఉన్న అనువాదం ఆ వాక్యానికి ఒక షరతు కలిపింది: పిల్లలు కూడా తండ్రుల దారినే పాపం చేస్తూ పోతేనే. మూలంలో లేని మాటను చేర్చాల్సి వచ్చిందంటే, ఉన్నదున్నట్టు చదవడం ఆనాటి భక్తులకూ కష్టంగానే ఉందన్నమాట.

ద్వితీయోపదేశకాండపు మాట మాత్రం కోర్టుకు సంబంధించింది, మనుషులు మనుషులకు వేసే శిక్ష గురించి. అది కాగితం మీదే ఉండిపోలేదు. యూదా రాజు యోవాషును సొంత సేవకులే చంపారు. గద్దెనెక్కిన కొడుకు అమజ్యా ఆ హంతకులను చంపించాడు గాని వాళ్ల పిల్లల జోలికి పోలేదు. మోషే ధర్మశాస్త్రంలో అలా ఉంది కాబట్టే పోలేదని రాజుల రెండవ గ్రంథం ప్రత్యేకంగా చెబుతుంది. శత్రువు వంశాన్ని వేళ్లతో పెరికేయడం రాజనీతి అనుకునే కాలంలో అది వింతే, అందుకే రాసిపెట్టారు.

ఇక ఈ ప్రశ్న నిప్పులా రాజుకున్నది చెరలో. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసి, కుర్ర రాజు యెహోయాకీనునూ పెద్దలనూ పనివాళ్లనూ పట్టుకుపోయాడు. యాజకుడైన యెహెజ్కేలు కూడా వాళ్లలో ఒకడు. కెబారు కాలువ ఒడ్డున కాపురం పెట్టిన ఆ జనం నోట ఒక సామెత నలుగుతూ ఉండేది. పుల్లటి ద్రాక్షలు తిన్నది తండ్రులట, పళ్లు పులిసింది పిల్లలకట. మన తెలుగువాళ్లు తాతలు తాగిన నేతికి తమ మూతులు వాసన చూడమంటారు. వాళ్లది దానికి సరిగ్గా తలకిందులు. అయితే రెండు సామెతలూ చేసే పని ఒకటే, తన బతుకును తాత లెక్కలోకి నెట్టేయడం.

యెహెజ్కేలు గ్రంథం 18వ అధ్యాయం మొత్తం ఆ సామెత మీద యుద్ధమే. ఇకమీదట ఆ మాట ఇశ్రాయేలులో వినపడకూడదంటూ మొదలుపెట్టి ప్రవక్త మూడు తరాల కథ చెబుతాడు. నీతిగా బతికిన ఒక మనిషి. అతని కడుపున దోపిడీకీ హత్యకూ దిగిన కొడుకు. వాడి కడుపున తండ్రి చేసినవన్నీ చూసి, అవేవీ చేయని మనవడు. మొదటివాడి నీతి రెండోవాణ్ని కాపాడదు, రెండోవాడి పాపం మూడోవాడికి అంటదు. ఈ కథ వింటుంటే యూదా రాజుల పట్టిక గుర్తొస్తుంది. మంచివాడు హిజ్కియా, అతని కొడుకు చెడ్డవాడు మనష్షే, మనష్షే మనవడు మళ్లీ మంచివాడు యోషీయా. ప్రవక్త ఎవరి పేరూ చెప్పలేదు. విన్నవాళ్లకు చెప్పాల్సిన అవసరం ఉందనుకోను.

ఆ అధ్యాయంలో నాకు బాగా పట్టే చోటు మరొకటుంది. ఇంత చెప్పాక జనం సంతోషించరు, ఎదురు తిరుగుతారు. కొడుకు తండ్రి దోషాన్ని ఎందుకు మొయ్యడని వాళ్లే అడుగుతారు! దోషం వద్దని మొరపెట్టుకోవాల్సినవాళ్లు దోషమే కావాలంటున్నారు. ఆలోచిస్తే వింతేమీ కాదు. తప్పంతా తాతలదైతే మనం చేయగలిగింది ఏమీ లేదు, కాబట్టి మారాల్సిన పనీ లేదు. అందుకే ప్రవక్త ఆ అధ్యాయాన్ని తిరగండి, మారండి, బతకండి అన్న పిలుపుతో ముగిస్తాడు. వారసత్వ దోషాన్ని ఆయన కొట్టేసింది పిల్లలమీద జాలితో మాత్రమే కాదు, వాళ్ల సాకు లాగేసుకోవడానికి కూడా. అదే కాలంలో యెరూషలేములో యిర్మీయా కూడా ఆ సామెతకు కాలం చెల్లే రోజు వస్తుందన్నాడు. మోషే చెప్పిన నాలుగు మాటలను తర్వాతి ప్రవక్తలు నలుగురు రద్దు చేశారనీ, తరాల శిక్షను రద్దు చేసింది యెహెజ్కేలనీ తల్మూదులో ఒక రబ్బీ తేల్చేశాడు. లేఖనం తనతో తాను వాదించుకుంటుందని ఒప్పుకోవడానికి ఆయన జంకలేదు.

అయినా ఇంతటితో అంతా తేలిపోయిందంటే అది మోసమే. యెరికోలో కొల్లసొమ్ము దాచుకున్న ఆకానుతోపాటు అతని కొడుకులనూ కూతుళ్లనూ ఆకోరు లోయకు తీసుకెళ్లారు. సొమ్ము పాతిపెట్టింది డేరాలోనే కాబట్టి పిల్లలకు తెలిసే ఉంటుందని వ్యాఖ్యాతలు సర్దిచెబుతారు, కానీ కథలో ఆ మాట లేదు. రాజైన సౌలు గిబియోనీయులకు చేసిన ద్రోహానికి అతని సంతానంలో ఏడుగురిని వాళ్ల చేతికిచ్చారు, ఇద్దరు కొడుకుల శవాలను పక్షులూ మృగాలూ ముట్టకుండా తల్లి రిస్పా కావలి కాసింది. దావీదు చేసిన పాపానికి అతనికీ బత్షెబకూ పుట్టిన మొదటి బిడ్డ చనిపోయాడు. ఇవన్నీ బైబిల్లో ఉన్నాయి, తీసేయలేం. కానీ వీటి పక్కనే మరికొన్ని ఉన్నాయి. మోషే మీద తిరగబడ్డ కోరహును భూమి మింగింది గాని అతని కొడుకులు చావలేదని సంఖ్యాకాండము 26వ అధ్యాయం ఒక్క ముక్కలో చెబుతుంది. కీర్తనల్లో పదికి పైగా ఆ కోరహు కుమారుల పేరు మీదే ఉన్నాయి. దేవాలయంలో పాటలు పాడినవాళ్లు తిరుగుబాటుదారుడి వంశంవాళ్లు. మనష్షే విషయంలోనైతే రెండు పుస్తకాలు రెండు దారులు పట్టాయి. యూదా కూలిపోయింది మనష్షే పాపంవల్లే, యోషీయా ఎంత మంచివాడైనా ఆ కోపం చల్లారలేదని రాజుల గ్రంథం. అదే మనష్షే సంకెళ్లలో పశ్చాత్తాపపడి మళ్లీ గద్దెనెక్కాడని దినవృత్తాంతముల గ్రంథం.

సువార్తల దగ్గర సందేహం తక్కువ. యోహాను 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు, పాపం చేసింది వీడా, వీడి కన్నవాళ్లా అని అడుగుతారు. పూర్వజన్మ లెక్కలు వింటూ పెరిగిన తెలుగువాళ్లకు ఆ ప్రశ్న పరాయిదిగా అనిపించదు. యేసు ఇద్దరూ కాదంటాడు. కారణం వెతకడం ఆపి, అతనికి చూపు ఇవ్వడానికి పూనుకుంటాడు. బిడ్డ వైకల్యాన్ని చూపించి తల్లిని నిలదీసే ప్రతి క్రైస్తవుడూ ముందు ఈ అధ్యాయానికి జవాబు చెప్పుకోవాలి.

ఇక ఆదాము. ‘ఎప్పుడో తోటలో ఎవరో పండు తింటే మాకెందుకు’ అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది, న్యాయంగానే వస్తుంది. ఒక మనిషి ద్వారా పాపం, పాపం ద్వారా మరణం లోకంలోకి వచ్చాయని పౌలు రోమీయులకు రాశాడు. ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న అగస్టీను దీన్నుంచి జన్మపాపమనే సిద్ధాంతాన్ని బిగించాడు: ఆదాములో అందరూ పడిపోయారు, పసిబిడ్డ కూడా ఆ దోషంతోనే పుడుతుంది. మనిషి తన బలంతోనే నీతిగా బతకగలడన్న పెలాగియసు పక్షాన్ని 418లో కార్తేజీలో జరిగిన మహాసభ ఖండించింది. పశ్చిమ సంఘాలు చాలావరకు ఆ దారినే నడిచాయి, అయితే నడకలో తేడాలున్నాయి. జన్మపాపం ఎవరూ స్వయంగా చేసిన తప్పు కాదనీ, అది మనిషి పుట్టే స్థితి అనీ 1992 నాటి కతోలిక సత్యోపదేశం వివరిస్తుంది. మనకు సంక్రమించింది మరణమూ పాపంవైపు మొగ్గే బలహీనతా గాని ఆదాము దోషం కాదంటాయి ఆ దారి పట్టని తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు. కాల్విన్ బాటలోని సంఘాలు మాత్రం 1640ల నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణంలో ఆ దోషం కూడా మన లెక్కలో పడిందనే అన్నాయి. వాళ్ల లెక్కలో ఆదాము మనందరి ప్రతినిధిగా నిలబడ్డాడు. ప్రతినిధి ఓటమి మనది కాదంటే, మరో ప్రతినిధి క్రీస్తు గెలుపు మాత్రం మనదెలా అవుతుంది? నచ్చినా నచ్చకపోయినా ఆ వాదంలో పొందిక ఉంది.

మన ప్రశ్నకు కావలసింది ఇక్కడే దొరుకుతుంది. ఆదాము మొదటి పాపం సరే, మరి మా నాన్న పాపం? అగస్టీను దీని దగ్గర తటపటాయించాడు. దగ్గరి పూర్వికుల పాపాలు కూడా అంటుకోవచ్చునేమో, ఎన్ని తరాల దాకానో అంటూ నాన్చాడు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాసు సూటిగా ఇదే ప్రశ్న వేసుకుని, అంటవని తేల్చాడు. ఆయన చెప్పిన కారణం సులువైనది. తండ్రి నుంచి బిడ్డకు వచ్చేది మనిషి స్వభావం, తండ్రి సొంతంగా చేసిన పనులు కావు. వ్యాకరణ పండితుడి కొడుకు వ్యాకరణం నేర్చుకుని పుట్టడు గదా. జన్మపాపాన్ని ఎంత గట్టిగా పట్టుకున్న సంఘమైనా మీ నాన్న లంచాలనో మీ అమ్మ అబద్ధాలనో మీ మీద రాయదు.

ఈ తేడాలే మన తెలుగు సంఘాల్లో కళ్లకు కనిపిస్తాయి. కతోలికులు పసిబిడ్డకు జ్ఞానస్నానం చేయిస్తారు. గుంటూరు ప్రాంతపు లూథరన్లూ సీఎస్ఐ సంఘాలూ శిశు బాప్తిస్మమిస్తాయి. నెల్లూరు, ఒంగోలు మిషన్ల నుంచి పెరిగిన బాప్టిస్టులు బిడ్డను ప్రార్థనతో ప్రతిష్ఠించి, ఊహ తెలిసి తానే ఒప్పుకున్నాక నీళ్లలో ముంచి బాప్తిస్మమిస్తారు. ఆ ఎదురుచూపు పసిబిడ్డమీద శిక్ష వేలాడుతోందన్న భయం వాళ్లకు లేదని చెబుతుంది. ఆ భయం ఎంతదూరం పోగలదో ఐర్లండులో చూడొచ్చు. జ్ఞానస్నానం అందకుండా చనిపోయిన శిశువులను ఆశీర్వదించిన శ్మశానంలో పూడ్చనివ్వక, గట్ల పక్కనా పాడుబడ్డ దిబ్బల మీదా రాత్రిపూట పాతిపెట్టేవారు. కిల్లీనీ అని పిలిచే ఆ చోట్లు 20వ శతాబ్దంలో కూడా వాడుకలో ఉన్నాయి. అలాంటి పిల్లలకు రక్షణ ఉంటుందని ఆశించడానికి గట్టి ఆధారాలున్నాయని వాటికన్ వేదాంత సంఘం 2007లో రాసింది.

సరే, దోషం రాదు. మరి ఏమీ రాదా? వస్తుంది, చాలా వస్తుంది. తాగి ఇల్లు గుల్ల చేసిన తండ్రి బిడ్డకు ఆకలి వస్తుంది, భయం వస్తుంది, ఒక్కోసారి ఆ తాగుడే వస్తుంది. ఫలితం వేరు, దోషం వేరు. మన చట్టం నుంచే ఒక పోలిక తెస్తాను. తండ్రి, తాత, ముత్తాత చేసిన అప్పులు తీర్చడం కొడుకు, మనవడు, మునిమనవడికి ధర్మమని పాత హిందూ న్యాయం చెప్పేది, సరిగ్గా ఆ మూడు నాలుగు తరాలే. ఆ కారణం ఒక్కటే చూపించి వాళ్ల మీదికి పోవడానికి వీల్లేదని 2005లో వారసత్వ చట్టాన్ని సవరించారు. అయినా తండ్రి అప్పు చేసి ఇల్లు అమ్ముకున్నాక కొడుకు అద్దె ఇంట్లోనే పెరుగుతాడు. కోర్టు అతణ్ని బాకీదారు అనదు, అంతే.

ఈ తేడాను చెరిపేస్తేనే వంశ శాపాల వ్యాపారం నడుస్తుంది. బ్రిటిష్ మానసిక వైద్యుడు కెన్నెత్ మెకాల్ 1982లో వంశవృక్షానికి స్వస్థత అంటూ ఒక పుస్తకం తెచ్చాడు. తీరని జబ్బులకు మూలం పూర్వికుల్లో వెతికి, వాళ్లకోసం ప్రార్థించాలన్నాడు. కరిస్మాటిక్ కూటాల్లో అలాంటి బోధ ఊళ్లూ దేశాలూ దాటింది. మన దగ్గర ఉపవాస కూటాల్లో తాతముత్తాతల పేర్లు రాయించుకుని విడుదల ప్రార్థన చేసేవాళ్లున్నారు. వంశవృక్ష స్వస్థత పేరుతో జరిగే పూజలను పోలండు బిషప్పులు 2015లో నిషేధించారు. పాపం ఎప్పుడూ చేసినవాడిదేననీ, తరాల వెంట పాకేది కాదనీ స్పెయిను బిషప్పులు 2024లో హెచ్చరించారు. ప్రొటెస్టెంటులకు గలతీయుల పత్రిక 3వ అధ్యాయం చాలు. క్రీస్తు మనకోసం శాపమై మనల్ని విడిపించాడని నమ్మేవాళ్లకు, ఆ సిలువకు లొంగక మిగిలిపోయిన తాతగారి శాపం ఎక్కడినుంచి వస్తుంది? పాస్టరుగారు అలా అంటే మర్యాదగానే ఈ ప్రశ్న అడగండి.

వంశం మొత్తాన్ని దోషిగా నిలబెట్టడం అందరికంటే ఘోరంగా దెబ్బ తీసింది యూదులను. పిలాతు ముందు గుంపు యేసు రక్తం తమమీదా తమ పిల్లలమీదా ఉండనిమ్మన్నదని మత్తయి రాసిన ఒక్క వాక్యాన్ని పట్టుకుని శతాబ్దాల పాటు వాళ్లను క్రీస్తు హంతకులన్నారు. యేసు మరణానికి అప్పటి యూదులందరినీ గాని ఇప్పటి యూదులను గాని బాధ్యులను చేయరాదని రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరులో ప్రకటించేదాకా రోము నుంచి అంత స్పష్టమైన మాట రాలేదు. సొంత ఇంట్లోనూ ఇలాంటివున్నాయి. పెళ్లి కాని తల్లికి పుట్టినవాడు గురువు కావడానికి 1917 నాటి కతోలిక ధర్మశాస్త్రం అడ్డు చెప్పేది, 1983 నాటిది ఆ అడ్డు తీసేసింది. వేశ్య కొడుకైన యెఫ్తాను హెబ్రీయుల పత్రిక విశ్వాసవీరుల వరసలో నిలబెట్టి అప్పటికే 19 శతాబ్దాలు కావస్తోంది.

మన నేల మీద కూడా ఒక ఉదాహరణ ఉంది. ఫలానా తెగలో పుడితే నేరస్థుడేనని బ్రిటిష్ ప్రభుత్వం 1871లో చట్టం చేసింది, 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చింది. ఆ చట్టం కిందే ఇప్పటి బాపట్ల జిల్లా స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలకు సెటిల్‌మెంటు పెట్టి, నడిపే పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. అక్కడ బడి వచ్చింది, పొలం వచ్చింది, నిజమే. కానీ పుట్టుకతో దోషి అన్న చట్టానికి, యెహెజ్కేలును చదివే క్రైస్తవులు కాపలా కాశారన్నదీ నిజమే. ఆ చట్టం దేశమంతటా రద్దవడానికి 1952 దాకా పట్టింది, ఊరి పేరు చెబితే అనుమానంగా చూడటం దానితోపాటు రద్దు కాలేదు.

చివరిగా ఒక ప్రశ్న మిగులుతుంది. దోషం మాది కానప్పుడు తాతల తప్పులకు సంఘాలు క్షమాపణలెందుకు చెబుతున్నాయి? బానిసత్వాన్ని సమర్థించినందుకు అమెరికాలోని దక్షిణ బాప్టిస్టులు 1995లో చెప్పారు, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ 2006లో చెప్పింది. చెరనుంచి తిరిగొచ్చిన జనం తమ పాపాలతోపాటు తండ్రుల పాపాలను కూడా ఒప్పుకున్నారని నెహెమ్యా గ్రంథంలో ఉంది. అది శిక్షకు తలవంచడం కాదు, జరిగింది జరిగిందని ఒప్పుకోవడం. అయితే వారసత్వంగా డబ్బు వచ్చినప్పుడు మాటతో సరిపోదు. 1704లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లోని పేద గురువులకోసం పెట్టిన క్వీన్ ఆన్స్ బౌంటీ నిధి, బానిసలను ఓడల్లో తరలించిన సౌత్ సీ కంపెనీలో పెట్టుబడి పెట్టింది. ఆ నిధికి వారసులైన చర్చ్ కమిషనర్లు 2023 జనవరిలో లెక్కలు బయటపెట్టి, పది కోట్ల పౌండ్లు కేటాయిస్తామన్నారు. మూడు వందల ఏళ్ల కిందటి పాపానికి ఇప్పటివాళ్లు ఎందుకు కట్టాలని ఇంగ్లండులో గొడవ మొదలైంది. యెహెజ్కేలు ప్రకారమైతే ఓడలు నడిపిన దోషం ఇప్పటి కమిషనర్లది కాదు. ఆ డబ్బు ఎలా వచ్చిందో తెలిశాక దాన్ని ఏం చేస్తారన్నది మాత్రం వాళ్ల సొంత లెక్కే.